మూడో వైరు, నాలుగో వైరు

అంబాసిడర్ స్టార్ట్ కానప్పుడు చేసే చప్పుళ్ళు ఎన్ని రకాలో మా ఇంట్లో అందరికీ తెలుసు. అమ్మకి కూడా. తెల్లవారుజామున వంటింట్లోంచే "బ్యాటరీ దిగిపోతోందండీ, ఇంక ఆపండి" అని కేకేసేది. తాళం తిప్పగానే 'టక్'మని ఒక్కసారి అని ఊరుకుంటే ఒక జబ్బు. మూలుగుతూ మూలుగుతూ నీరసించిపోతే ఇంకో జబ్బు. సెల్ఫు, అంటే ఇంజనుని తిప్పే స్టార్టరు, గిరగిరా తిరుగుతూనే ఉండి ఇంజను మాత్రం అంటుకోకపోతే అదీ అసలు జబ్బు. అప్పుడు నాన్న లుంగీ ఎగ్గట్టి బానెట్ ఎత్తేవాడు.

మాది నిడదవోలు. స్టేషను దగ్గర టాక్సీ స్టాండులో నాన్నకి సొంత కారుండేది. 1980 మోడల్ అంబాసిడర్, మార్క్ ఫోర్, 1489 సీసీ పెట్రోలు ఇంజను. మా చేతికొచ్చేసరికే అది ఇద్దరిని చూసొచ్చింది. డీజిల్ అంబాసిడర్లు అప్పటికే వచ్చాయి గానీ వాటి ధర మాకందేది కాదు. సొంత కారు అని చెప్పుకోవడమే గానీ, నెల తిరిగేసరికి వడ్డీ కట్టించుకునే ఆయన మా వీధి మలుపులో కనబడితే నాన్న ఆ కారుని పక్క సందులోంచి తీసుకెళ్ళేవాడు.

బ్యాటరీ దిగిపోతే హేండిలుండేది. ముందు బంపర్లో ఉన్న కన్నంలోంచి దూర్చి తిప్పడమే. చూసేవాళ్ళకి అది బలం పని, నాన్నకి మాత్రం బొటనవేలి పని. హేండిల్ పట్టుకున్నప్పుడు బొటనవేలు మిగతా వేళ్ళ వైపే ఉండాలి. చుట్టూ తిప్పి పిడికిలి బిగించావా, ఇంజను ఒక్క తన్ను వెనక్కి తంతే మణికట్టు విరుగుతుంది. ఇంకోటి, కింది నుంచి పైకి లాగాలి తప్ప పై నుంచి కిందికి తొయ్యకూడదు. స్టాండులో ఒకాయనకి కుడిచెయ్యి కొంచెం వంకరగా ఉండేది. ఎందుకని నేనడిగితే నాన్న ఏం చెప్పకుండా తన బొటనవేలు చూపించాడు.

బానెట్ ఎత్తాక మాత్రం ఆయన కంగారుపడగా నేను చూడలేదు. రెండే ప్రశ్నలు. కరెంటా, పెట్రోలా?

ప్లగ్గు మీద వైరు పీకి, దాని కొసని ఇంజను ఇనుముకి పావంగుళం దూరంలో పెట్టి నన్ను సెల్ఫు కొట్టమనేవాడు. నీలంగా, చిటుక్కున నిప్పురవ్వ దూకితే కరెంటు బాగున్నట్టే. ఎర్రగా, బద్ధకంగా వస్తే రోగం డెల్కోలోనో కాయిల్లోనో ఉన్నట్టు. (డెల్కో అంటే ఒక్కో ప్లగ్గుకీ వరసగా కరెంటు పంచేది. పుస్తకాల్లో దాన్ని డిస్ట్రిబ్యూటర్ అంటారని నాకు పాలిటెక్నిక్‌లో చేరాక గానీ తెలియలేదు.) తర్వాత ప్లగ్గు విప్పి వాసన చూసేవాడు. తడిగా ఉంటే పెట్రోలు వస్తోంది. పొడిగా ఉంటే పంపు దగ్గరికి పోవాలి. పంపుకి కిందనే చేత్తో కొట్టుకునే చిన్న మీట ఉంటుంది. గాలీ పెట్రోలూ కలిపే కార్బొరేటర్ దగ్గర పైపు వదులు చేసి ఆ మీట నాలుగుసార్లు కొడితే పెట్రోలు చిమ్మాలి. చిమ్మకపోతే దారిలో ఎక్కడో అడ్డం పడినట్టే.

ఆయన దగ్గరున్న సామాను ఒక బిస్కెట్ల డబ్బాలో పట్టేసేది. డెల్కోలో కరెంటుని కలుపుతూ తెంచుతూ ఉండే పాయింట్లు ఒక జత, ఒక కండెన్సరు, డెల్కోలో తిరిగే రోటరు ఒకటి, రెండు ప్లగ్గులు, ఒక ఫ్యాన్ బెల్టు, విరిగిన యాక్సా బ్లేడు ముక్క. ఆ బ్లేడు ముక్క కొయ్యడానికి కాదు. దాని మందం సరిగ్గా 25 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), ప్లగ్గుకి ఉండాల్సిన సందు కూడా అంతే. పాయింట్లకి 15 థౌ కావాలి. దానికి సందు కొలిచే రేకులు, ఫీలర్ గేజి, ఉండేది గానీ నాన్న దాన్ని తియ్యగా చూసింది తక్కువ. కళ్ళు చికిలించి "చాల్లే" అనేవాడు. పాయింట్లు మసిబారితే అగ్గిపెట్టె పక్కన గీసే పట్టీ చింపి, రెంటి మధ్యా పెట్టి రెండు లాగులు లాగేవాడు. ఆయన కాల్చేది చుట్టలు కాబట్టి అగ్గిపెట్టెకి కొదవలేదు. రాత్రిపూట పరాయి ఊళ్ళో కారు వదిలి పడుకోవాల్సొస్తే రోటరు పీకి జేబులో వేసుకునేవాడు. రోటరు లేని బండిని ఏ దొంగా కదల్చలేడు. ఒకసారి అమ్మ చొక్కా ఉతుకుతూ బండ మీద బాదేసింది దాన్ని. ఆ కథ వేరే.

వేసవిలో వచ్చే తంటా వేరు. ఆ రోజుల్లో ఎండల్లో కార్లు నడిపిన వాళ్ళెవరినడిగినా చెబుతారు. పెట్రోలు పంపు ఇంజనుకే బిగించి ఉంటుంది. ఇంజను సలసలా కాగుతుంటే పంపులోనూ పైపులోనూ పెట్రోలు ఆవిరైపోతుంది. పంపు ఆ ఆవిరినే కొట్టుకుంటూ ఉంటుంది, కార్బొరేటర్‌కి చుక్క పోదు. దాన్ని ఎయిర్ లాక్ అనేవాళ్ళు. మందు, తడిగుడ్డ.

మే నెల్లో ఓ మధ్యాహ్నం, రాజమండ్రి నుంచి కొవ్వూరు వస్తూ రోడ్డు కం రైలు వంతెన నడిమధ్యలో కారు దగ్గి దగ్గి ఆగిపోయింది. 1974లో కట్టిన ఆ వంతెన మీద పైన రోడ్డు, కింద రైలు. రోడ్డు రెండు బళ్ళు ఒరుసుకుపోయేంతే. మా వెనక బస్సు, దాని వెనక లారీలు, అందరూ హారన్లే. కింద గూడ్సు వెళ్తుంటే కాళ్ళ కింద వంతెన సన్నగా వణికేది. నేను పిట్టగోడ పట్టుకుని గోదారి వైపు చూడ్డానికే భయపడ్డాను. నాన్న గుడ్డ తీసి నీళ్ళకోసం వెతికితే క్యాను ఖాళీ. వెనక సీట్లో ఉన్న మామ్మగారి ఒళ్ళో మరచెంబు నిండా నీళ్ళున్నాయి. కోటిలింగాల రేవులో స్నానం చేసి పట్టుకొస్తున్న గోదారి నీళ్ళు, ఇంట్లో ఏదో పూజకి.

"మామ్మగారూ, ఆ నీళ్ళు ఓ గుక్కెడు..."

"కారుకా? మడి నీళ్ళు నాయనా ఇవి!"

"కింద గోదారి నిండుగానే ఉందండి. రేపు నేనే రెండు చెంబులు తెచ్చిస్తాను."

వెనక బస్సు డ్రైవరు దిగొచ్చి ఏదో అన్నాడు, ఇక్కడ రాసే మాట కాదది. ఆ మాట విన్నాక ఆవిడే మూత తిప్పింది. గుడ్డ తడిపి పంపుకి చుడితే 'చుయ్'మంది. అయిదు నిమిషాలు పోయాక మీట నాలుగు కొట్లు, ఒక్క సెల్ఫు, అంతే. కొవ్వూరు దాకా ఆవిడ "ఓం నమశ్శివాయ" అంటూనే ఉంది, అభిషేకమే జరిగినట్టు. నాన్న మర్నాడు చెప్పినట్టే రెండు చెంబులు పట్టుకెళ్ళి ఇచ్చొచ్చాడు.

ఇదంతా చెప్పుకోవడానికి బాగుండే భాగం. అసలు చెప్పాల్సింది ఇంకోటుంది.

నాన్న దగ్గర ఒక క్లీనరబ్బాయి ఉండేవాడు. స్టాండులో అందరూ బుడ్డోడనే పిలిచేవారు. నాకంటే మూడేళ్ళు పెద్ద, పదహారుంటాయి. నాన్నని 'గురూగారు' అనేవాడు. పదిహేను రోజులకోసారి ప్లగ్గులు విప్పి, పెట్రోల్లో ముంచి, ఇత్తడి బ్రష్షుతో రుద్ది, బ్లేడు ముక్కతో సందు చూసి బిగించేవాడు. వాడు ఆ పని చేస్తుంటే నేను పక్కన గొంతుక్కూచుని చూసేవాణ్ణి. చెయ్యనిచ్చేవాడు కాదు. "గురూగారు తంతాడు" అనేవాడు.

1987 మాఘమాసం. మా వీధి చివరింటి అబ్బాయికి అన్నవరం కొండమీద పెళ్ళి. ముహూర్తం ఉదయం 8 దాటాక. నిడదవోలు నుంచి కొవ్వూరు, రాజమండ్రి, జగ్గంపేట మీదుగా వంద కిలోమీటర్ల పైచిలుకు. తెల్లారి 4 గంటలకల్లా బయల్దేరాలని మాట. పెళ్ళికొడుకు కారు మాదే. ముందురోజు సాయంత్రం బుడ్డోడు కారు కడిగి, ప్లగ్గులు శుభ్రం చేసి, అన్నీ బిగించి, నాన్నకి చెప్పి సెకండ్ షోకి పోయాడు. నాన్న నడుం వాల్చాడు. కారు దగ్గర నేనొక్కణ్ణే.

బానెట్ ఎత్తాను. ఎందుకని అడిగితే ఇప్పటికీ జవాబు లేదు. వాడు చేసే పని నేనూ చెయ్యగలనని అనుకున్నానేమో. మూడో ప్లగ్గు వైరూ నాలుగో ప్లగ్గు వైరూ పీకాను. ప్లగ్గుల నెత్తిన మెరుస్తున్న పింగాణీని లుంగీ కొసతో తుడిచాను. మళ్ళీ వైర్లు తగిలించాను. రెండూ ఇంచుమించు ఒకే పొడుగు. బానెట్ మూశాను. తర్వాత పెళ్ళివారి పిల్లలొచ్చి దానిమీద బంతిపూల దండలు కట్టారు.

తెల్లారి 4 గంటలకి మంచు. మాఘమాసపు మంచంటే మా వైపు వీధి దీపం కింద నిలబడితే ఎదురింటి అరుగు కనపడదు. పెళ్ళికొడుకు కళ్యాణపు బొట్టుతో, బుగ్గన చుక్కతో వెనక సీట్లో కూచున్నాడు. నాన్న దేవుడికి దణ్ణం పెట్టుకుని తాళం తిప్పాడు. సెల్ఫు చక్కగా తిరిగింది. ఇంజను రెండుసార్లు మాత్రం అందుకోబోయి, కార్బొరేటర్లోంచి 'హాఛ్'మని తుమ్మింది.

పెళ్ళింటి ముందు, ప్రయాణమప్పుడు తుమ్ము! పెళ్ళికొడుకు నాయనమ్మ వెంటనే "ఆగండాగండి, అందరూ కాసేపు కూచోండి, అబ్బాయికి మంచినీళ్ళివ్వండి" అంది. ఇచ్చారు. నాన్న మళ్ళీ తిప్పాడు. మళ్ళీ తుమ్మింది. ఈసారి సైలెన్సర్లో టపాకాయ కూడా పేలింది.

దండలు పక్కకి జరిపి బానెట్ ఎత్తారు. టార్చి నా చేతికిచ్చాడు నాన్న. మంచు కాబట్టి ముందు ఆయన అనుమానం డెల్కో మూత మీదే. చలికాలంలో లోపల చెమ్మ చేరి కరెంటు దారి తప్పడం మామూలే. మూత విప్పి, పొడిగుడ్డతో తుడిచి, చుట్ట వెలిగించుకునే అగ్గిపుల్ల వేడి చూపించి బిగించాడు. తిప్పితే, తుమ్ము. పాయింట్లు రుద్దాడు. తుమ్ము. కార్బొరేటర్ గిన్నె మీద స్క్రూడ్రైవర్ పిడితో తట్టాడు, లోపల సూది ఇరుక్కుందేమోనని. ప్లగ్గు వాసన చూశాడు. కరెంటుంది, పెట్రోలుంది. ఆయన రెండు ప్రశ్నలకీ జవాబులు సరిగ్గానే వస్తున్నాయి, బండి మాత్రం తుమ్ముతూనే ఉంది.

మూడో తుమ్ముకే నాకు అర్థమైపోయింది. అంబాసిడర్ నాలుగు సిలిండర్లకీ నిప్పు పడే వరస 1, 3, 4, 2. ఎన్నోసార్లు నాన్న నోట విన్నదే. మూడుకి పోవాల్సిన కరెంటు నాలుక్కి పోతోంది. అక్కడ గ్యాసు ఇంకా లోపలికి వస్తూ ఉంది, పీల్చే వాల్వు పూర్తిగా మూసుకోలేదు. అందుకే మంట కార్బొరేటర్ వైపు తన్నుతోంది. నాలుక్కి పోవాల్సింది మూడుకి పోతోంది, అది సైలెన్సర్లో పేలుతోంది. ఇంత విడమరిచి అప్పుడు తెలియదు. నేను ముట్టుకున్నవి ఏవో మాత్రం తెలుసు.

నోరు విప్పలేదు. టార్చి వెలుతురు మెల్లగా ఆ రెండు వైర్ల మీదికి జరిపాను. నాన్నే చూస్తాడని.

"వెలుతురు ఇటు కొట్టరా! అక్కడేముంది!"

మళ్ళీ కార్బొరేటర్ మీదికి తిప్పాను. కాసేపయ్యాక మళ్ళీ వైర్ల మీదికి. మళ్ళీ తిట్టాడు. ఈలోగా పెళ్ళివారు గడియారం చూసుకుంటున్నారు. పెళ్ళికొడుకు మావయ్య స్టాండుకి మనిషిని పంపించాడు. ఇంకో టాక్సీ వచ్చింది, పూలు లేనిది. పెళ్ళికొడుకు దిగి దాన్లో ఎక్కాడు. నాన్న అటు చూడలేదు. దాని ఎర్రదీపాలు మంచులో కలిసిపోయాక, డెల్కో మూత మీద చూపుడువేలు పెట్టి ఒక్కో వైరునీ ప్లగ్గు దాకా తడుముకుంటూ పోయాడు. ఒకటి. మూడు అనుకున్న వైరు నాలుగో ప్లగ్గు దగ్గర తేలింది. వేలు అక్కడ ఆగింది.

రెండూ మార్చి తగిలించాడు. ఒక్క సెల్ఫుకి ఇంజను గుయ్యిమని అందుకుంది.

అప్పుడు వెనక్కి తిరిగి బుడ్డోణ్ణి ఒక్క లెంపకాయ కొట్టాడు. పెళ్ళివారి ఆడవాళ్ళందరి ముందూ. నాన్న చెయ్యి చేసుకోగా చూడ్డం నాకదే మొదలు. నన్ను కూడా ఎప్పుడూ కొట్టలేదు. బుడ్డోడు బుగ్గ పట్టుకుని, "చూసుకోలేదు గురూగారూ" అన్నాడు. సెకండ్ షో చూసి నిద్ర చాలక వాడి కళ్ళు అప్పటికే ఎర్రగా ఉన్నాయి. నా చేతిలో టార్చి ఇంకా వెలుగుతూనే ఉంది. "ఆర్పరా, సెల్లులు అయిపోతాయి" అన్నాడు నాన్న.

మా పూల కారులో ముసలాళ్ళనీ సామాన్లనీ వేసుకుని అన్నవరం వెళ్ళొచ్చాడు.

బుడ్డోడు ఆ వేసవికల్లా రాజమండ్రిలో ఒక షెడ్డులో పనికి కుదిరాడు. జీతం ఎక్కువిస్తానన్నారని వెళ్ళాడు, లెంపకాయకీ దానికీ సంబంధం లేదని అందరికీ తెలుసు. నాకు తప్ప. నాన్న 1993లో కారు అమ్మేశాడు. 2011లో పోయాడు. ఆయనకి చెప్పడానికి ఇరవై నాలుగేళ్ళు టైముంది నాకు. ఒకసారి ఆసుపత్రి మంచం దగ్గర మొదలుపెట్టాను కూడా. "అన్నవరం పెళ్ళి గుర్తుందా నాన్నా" అంటే, "ఏ అన్నవరం పెళ్ళిరా, వంద పెళ్ళిళ్ళకి పోయాం" అన్నాడు. నర్సు వచ్చింది. అది అక్కడితో సరి.

ఈమధ్య చాగల్లులో మా మేనత్తగారి పశువుల పాకలో ఒక అంబాసిడర్ ఏడేళ్ళుగా పడుందని, తూకానికి ఇచ్చేస్తున్నారని తెలిసింది. తెల్లది, మార్క్ ఫోరే, పెట్రోలే. ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ ఆగి కూడా, 2014 నుంచి లెక్కేస్తే, దశాబ్దం దాటింది. అవసరమా అంది మా ఆవిడ. అవసరం లేదు. కొన్నాను. ఇలాంటివి చూసేవాడు రాజమండ్రిలో మోరంపూడి దగ్గర ఒకడే మిగిలాడన్నారు. లారీకెక్కించి పంపి, నేను వెనకాలే వెళ్ళాను. షెడ్డులోంచి గళ్ళలుంగీ, నెరిసిన మీసంతో బయటికొచ్చింది బుడ్డోడే. నన్ను పోల్చుకోడానికి వాడికి అరనిమిషం పట్టింది. "గురూగారి చెవులే నీకూనూ" అన్నాడు.

ఏడేళ్ళు నిలబడ్డ బండికి ఏం చెయ్యాలో వాడు నాన్నలాగే మొదలెట్టాడు. ట్యాంకు మూత తీసి వాసన చూసి మొహం తిప్పుకున్నాడు, పెట్రోలు ముక్కి వార్నిషైపోయింది. ట్యాంకు దింపి కడిగించాడు. పంపులో రబ్బరు రేకు చెక్కలా బిగుసుకుపోయింది. "పాత రబ్బరు వెయ్యను తమ్ముడూ. ఇప్పుడు పెట్రోల్లో నూటికి 20 పాళ్ళు ఇథనాలే. ఉబ్బి చచ్చిపోతాయి" అని ఇథనాల్ తట్టుకునే కొత్తది తెప్పించాడు. ప్లగ్గులు విప్పి ఒక్కో కన్నంలో కాస్త ఆయిలు పోసి, ముందు హేండిల్‌తో మెల్లగా తిప్పాడు. బొటనవేలు వేళ్ళ వైపే ఉంది. పాయింట్ల మీద తుప్పులాంటి పొర, పైకి కనపడదు గానీ కరెంటుని పోనివ్వదు. అగ్గిపెట్టె కోసం వెతికితే షెడ్డులో ఎవరి దగ్గరా లేదు, అందరివీ లైటర్లే. గరుకు కాగితంతో కానిచ్చాడు.

చివర్లో ప్లగ్గు వైర్లు బిగించే ముందు జేబులోంచి ఎర్రదారపు ఉండ తీశాడు. ఒక వైరుకి ఒక ముడి. రెండో దానికి రెండు. మూడో దానికి మూడు, నాలుక్కి నాలుగు. పళ్ళతో తెంపి తెంపి, ఓపిగ్గా.

"ఇదేంటి?" అన్నాను, తెలిసీ.

"అలవాటు. నేను ముట్టుకున్న ఏ బండికైనా కడతాను. చిన్నప్పుడు ఒకసారి మూడూ నాలుగూ తారుమారు చేశాన్లే. పెళ్ళి బండి. గురూగారికి ఆ రోజు బేరం పోయింది, పరువు పోయింది. నీకు గుర్తుండదు, చిన్నోడివి."

ముప్పై ఎనిమిదేళ్ళుగా వాడు అది తన తప్పేననుకుంటున్నాడు.

చెప్పేశాను. బానెట్ ఎత్తడం, పింగాణీ తుడవడం, టార్చి అటు తిప్పడం అన్నీ. మధ్యలో ఆపకుండా. వాడు నాలుగో వైరు పట్టుకుని వింటున్నాడు. నేనాపేశాక వైరుని ప్లగ్గుకి నొక్కి తగిలించాడు, కదిపి చూశాడు.

"అయితే నేను కాదా?" అన్నాడు, నాతో కాదు.

నేను దారాల వైపు చూశాను. "ఇంక ఇవి అక్కర్లేదేమో కదా" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"ఉండనీ. పనికొస్తున్నాయి" అన్నాడు. తర్వాత చెయ్యి తుడుచుకుని, "పద, సెల్ఫు కొట్టు" అన్నాడు.